క్రొవ్వును మోయు మాంసకృత్తులు: అపోలైపోప్రోటీనులు – మానవారోగ్యము

నూనెయు నీరును గలియవను మాట వంటయిల్లెరిగిన వారందరికిని దెలిసినదే. పులుసుమీద పోపు నూనె తేలియాడుచుండును గాని యందులో గరగిపోదు. మన రక్తరసములో నూటికి దాదాపు తొంబది పాళ్లు నీరే. అట్లుండగా మనము దినదినము భుజించు నేయి, నూనె, పాలమీగడ, వేరుసెనగపప్పు మున్నగువానిలోని క్రొవ్వు ప్రేవులనుండి బయలుదేరి, రక్తమార్గమున కండలకును గుండెకును ఎట్లు చేరుచున్నది? నీటిలో గరగని వస్తువు దారిని మూసివేయకుండ నెట్లు సాగుచున్నది? ఈ ప్రశ్నకు సమాధానమును వెదకిన శాస్త్రజ్ఞులకు, హృద్రోగము మొదలు ముదిమిలో వచ్చు మతిభ్రంశము వరకు ననేక వ్యాధుల మూలములు కానవచ్చినవి. ఆ వృత్తాంతమును మన పాఠశాలలోని బాలబాలికల తలిదండ్రులకు దేటతెల్లముగా జెప్పుటయే యీ వ్యాసము యొక్క ఉద్దేశము.

అపోలైపోప్రోటీను అననేమి?

శరీరము క్రొవ్వును విడిగా బంపదు. దానిని కంటికి గానరాని మిక్కిలి చిన్న గుండ్రని పొట్లములుగా గట్టి పంపును. పొట్లము నడుమ కొలెస్టరాలును, ట్రైగ్లిసరైడులను క్రొవ్వును ఉండును. వెలుపల, ఒక ప్రక్క నీటితోను మరియొక ప్రక్క నూనెతోను పొందిక గల ఫాస్ఫోలిపిడుల పొర యుండును. ఆ పొరపై మాంసకృత్తులు అల్లుకొని యుండును. క్రొవ్వును మాంసకృత్తును గలిసిన యీ పొట్లమునకు లైపోప్రోటీను అని పేరు. అందలి క్రొవ్వును దీసివేయగా మిగిలిన మాంసకృత్తుకు అపోలైపోప్రోటీను అని పేరు. గ్రీకు భాషలో 'అపో' యనగా వేరుపడినదని యర్థము. పేరు పెద్దదగుటచే వైద్యులు దీనిని 'అపో' యని క్లుప్తముగా వ్యవహరింతురు. మనమును అట్లే యనుకొందము.

అరక్కోణము జంక్షనులో నిలిచిన సరకుబండ్లను మన పిల్లలు చూచియే యుందురు. పెట్టె యెంత దృఢమైనదైనను, అది యే యూరికి బోవలసినదో తెలుపు చీటి దానిపై లేనిచో నే స్టేషనువారును దానిని దింపుకొనరు. లైపోప్రోటీను సరకుపెట్టె వంటిది. క్రొవ్వు అందలి సరకు. అపో దానిపై నంటించిన చీటి. అంతియే కాదు. పెట్టె విడిపోకుండ బిగించియుంచు ఇనుపచట్రమును అపోయే; సరకు దింపుటకు గూలీలను బిలుచువాడును అపోయే. ఈ మూడు పనులలో నేది చెడినను రోగము కలుగును.

శాస్త్రజ్ఞులు కనుగొన్న విధము

1929లో పారిస్ నగరమందలి పాస్టరు సంస్థలో మాషెబ్యూఫ్ అను శాస్త్రజ్ఞుడు గుఱ్ఱపు రక్తరసమునుండి క్రొవ్వును మాంసకృత్తును గలిసియున్న పదార్థమును మొదటిసారిగా వేరుపఱచెను. పిమ్మట ఇరువది యేండ్లకు, అమెరికాలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయమున జాన్ గోఫ్‌మన్ అను నాతడు, మిక్కుటమైన వేగముతో దిరుగు యంత్రమున రక్తరసమును ద్రిప్పి, ఈ పొట్లములను బరువునుబట్టి తరగతులుగా విభజించెను. క్రొవ్వు హెచ్చుగా నున్నవి తేలికయై పైకి దేలును. మాంసకృత్తు హెచ్చుగా నున్నవి బరువై క్రిందికి దిగును. నేడు వైద్యుడిచ్చు రక్తపరీక్షా పత్రములో గానవచ్చు ఎల్.డి.ఎల్., హెచ్.డి.ఎల్. అను పేర్లు ఈ విభజనమునుండి పుట్టినవే. మొదటిది తక్కువ సాంద్రత గలది, రెండవది యెక్కువ సాంద్రత గలది.

ఈ చరిత్రలో మన తెలుగువారికి సంతోషకరమైన సంగతి యొకటి కలదు. పొట్లము పైపొరలోని ఫాస్ఫోలిపిడులయందు భాస్వర ముండును. ఆ భాస్వరమును గొలిచినచో పొర యెంత యున్నదో లెక్క తేలును. భాస్వరమును గొలుచుటకు ప్రపంచమందలి ప్రయోగశాలలు చిరకాలముగా వాడుచున్న పద్ధతి 1925లో ఫిస్కె, సుబ్బారావు అను నిరువురు ప్రకటించినది. ఆ సుబ్బారావుగారు 1895లో భీమవరమున జన్మించి, మదరాసు వైద్యకళాశాలలో జదివి, హార్వర్డు విశ్వవిద్యాలయమునకు వెళ్లిన యెల్లాప్రగడ సుబ్బారావుగారే.

అపో-బి: ధమనులకు శత్రువైన పొట్లముల గుర్తు

అపోలలో పలు కుటుంబములు కలవు. వానికి ఏ, బి, సి, ఇ మొదలైన యక్షరములు పేర్లుగా బెట్టబడినవి. వీనిలో అపో-బి మిక్కిలి పెద్దది. దీని పూర్తి రూపమునందు 4536 ఎమైనో ఆమ్లములు దండగ్రుచ్చినట్లు వరుసగా నుండును. ఇది కాలేయములో తయారగును. ప్రేవులలో మాత్రము అదే జన్యువునుండి పొట్టి రూపమొకటి పుట్టును. జన్యువు పంపిన సందేశములో ఒక్క అక్షరము మారి, వాక్యము నడుమ పూర్ణవిరామము పడినట్లగును. అంతటితో నిర్మాణము నిలిచిపోవును. పూర్తి రూపములో నూటికి 48 పాళ్లు మాత్రమే యుండుటచే దానికి బి-48 అనియు, పెద్దదానికి బి-100 అనియు పేర్లు. భోజనానంతరము ప్రేవులు పంపు క్రొవ్వు పొట్లములకు బి-48, కాలేయము పంపువానికి బి-100 ఆధారములు.

తలిదండ్రులు ముఖ్యముగా గుర్తుంచుకొనవలసిన దొక్కటి. ఎల్.డి.ఎల్. పొట్లమొక్కొక్కదానికి అపో-బి యొక్కటియే యుండును, రెండుండవు. కావున రక్తములో నెన్ని అపో-బి లున్నవో లెక్కించినచో, ధమని గోడలలోనికి జొరబడగల పొట్లము లెన్ని యున్నవో తెలిసిపోవును. కొలెస్టరాలు పరీక్ష సరకు తూకమును దెలుపును. అపో-బి పరీక్ష బండ్ల సంఖ్యను దెలుపును. నూరు బస్తాల వడ్లను పది బండ్లలో దోలవచ్చును, ఇరువది బండ్లలోను దోలవచ్చును. బస్తాలు సమానమే యైనను రెండవ పక్షమున దారిపై బండ్లు రెట్టింపు. ధమని గోడలో జిక్కుకొని, అచట వాపును గలిగించి, కాలక్రమమున గడ్డకట్టి రక్తమార్గమును ఇఱుకుచేయుటకు బండ్ల సంఖ్యయే ప్రధానము. మధుమేహము గలవారిలోను, బొజ్జ పెరిగినవారిలోను ఎల్.డి.ఎల్. పొట్లములు చిన్నవై, సంఖ్యలో హెచ్చుగా నుండుట సాధారణము. వారి కొలెస్టరాలు సరిగానే యున్నట్లు పత్రము చెప్పుచున్నను, ప్రమాదము పొంచియుండవచ్చును.

దారితప్పిన చీటి – పిల్లలలో కొలెస్టరాలు

ఎల్.డి.ఎల్. పొట్లములను దింపుకొనుటకు కాలేయకణములపై గ్రాహకములు కలవు. ఈ గ్రాహకమును 1970వ దశకమున కనుగొన్న అమెరికా దేశీయులు మైకేల్ బ్రౌన్, జోసెఫ్ గోల్డ్‌స్టీన్ అనువారికి 1985లో నోబెలు బహుమానము లభించినది. కొన్ని కుటుంబములలో ఈ గ్రాహకము పుట్టుకతోనే లోపించి యుండును. మరికొన్ని కుటుంబములలో గ్రాహకము బాగుగనే యుండును గాని, చీటి చెడియుండును: అపో-బి యందలి 4536 ఎమైనో ఆమ్లములలో 3500వ స్థానమున నున్న ఒక్కటి మారుటచే గ్రాహకము దానిని గుర్తింపజాలదు. రెండింటి ఫలిత మొక్కటే. పొట్లములు దిగక రక్తములోనే తిరుగుచు నుండును. బాల్యమునుండియే కొలెస్టరాలు హెచ్చుగా నుండును.

ఇది అరుదైన వ్యాధి యని తలంపరాదు. తల్లినుండి గాని తండ్రినుండి గాని ఒక్క లోపజన్యువును బొందినవారు దాదాపు 250 మందిలో నొకరుందురని పలు దేశముల లెక్కలు తెలుపుచున్నవి. అట్టివారికి నలుబదవ యేటికి ముందే గుండెపోటు రావచ్చును. తలిదండ్రు లిరువురినుండియు లోపజన్యువులను బొందిన బిడ్డకు బాల్యమందే హృద్రోగము రాగలదు. మడమ వెనుక నరముపై గట్టిపడిన గడ్డలు, మోచేతులపైనను మోకాళ్లపైనను పసుపురంగు బుడిపెలు, చిన్నవయసులోనే కంటి నల్లగ్రుడ్డు చుట్టు తెల్లని వలయము – ఇవి దాని గుర్తులు. వీనిని చర్మవ్యాధి యనుకొని పూతమందులతో గాలము గడుపరాదు.

ఈ వ్యాధిని ముందుగా గుర్తించుటవలన గలుగు మేలు ఎంతటిదో నెదర్లాండ్సు దేశమున జరిగిన యొక పరిశీలనము తెలుపుచున్నది. ఈ లోపము గల 214 మంది బాలబాలికలకు స్టాటిను అను మందు నిచ్చి, ఇరువది యేండ్లపాటు పరిశీలించి 2019లో ఫలితములు ప్రకటించిరి. 39 ఏండ్ల వయసు వచ్చునప్పటికి ఆ పిల్లలలో నూటికి ఒక్కరికి మాత్రమే గుండెకు సంబంధించిన ఆపద వాటిల్లెను. అదే లోపము గల వారి తలిదండ్రులలో, ఆ వయసునకే నూటికి 26 మందికి ఆపద వాటిల్లియుండెను. జన్యువు ఒక్కటే, కుటుంబ మొక్కటే. చికిత్స సకాలమున నారంభించుటలోనే భేదము.

అపో-ఏ: మరలి తెచ్చువాడు

అపో-ఏ కుటుంబములో మొదటిది ఏ-1. ఇది హెచ్.డి.ఎల్. పొట్లమునకు ప్రధానమైన మాంసకృత్తు. 243 ఎమైనో ఆమ్లములు గలది. కాలేయములోను ప్రేవులలోను పుట్టి, కణములలో హెచ్చుగా జేరిన కొలెస్టరాలును గ్రహించి, మరల కాలేయమునకు జేర్చుట దీని పని. ఊరిలోని చెత్తను బండిలో నెత్తి బయటకు దీసికొనిపోవు వానితో దీనిని బోల్పవచ్చును.

ఈ పనికి ఆటంకము కలిగినచో నేమగునో తెలియుటకు అమెరికాలోని వర్జీనియా రాష్ట్రమున టాంజియర్ అను చిన్న ద్వీపము ఉదాహరణము. 1961లో ఆ ద్వీపవాసులైన తోబుట్టువుల రక్తములో హెచ్.డి.ఎల్. దాదాపు లేకయే పోవుటను, వారి గొంతులోని టాన్సిలులు పెరిగి నారింజరంగులో నుండుటను ఫ్రెడ్రిక్సన్ అను వైద్యశాస్త్రజ్ఞుడును ఆతని సహచరులును గనుగొనిరి. కొలెస్టరాలు బయటకు బోవు దారిలేక టాన్సిలులలో బేరుకొనుటయే ఆ రంగునకు గారణము. కణమునుండి కొలెస్టరాలును అపో-ఏ-1కు అందించు ద్వారము చెడుటయే ఈ వ్యాధికి మూలమని 1999లో దేలినది.

ఇటలీ దేశమున గార్డా సరస్సు తీరమందలి లిమోనె గ్రామపు కథ దీనికి భిన్నమైనది. అచట కొన్ని కుటుంబములవారికి హెచ్.డి.ఎల్. మిక్కిలి తక్కువ. అయినను వారికి హృద్రోగబాధ యంతగా లేదు. వారి అపో-ఏ-1లో ఒక ఎమైనో ఆమ్లము మారియున్నదని 1980లో మిలాను శాస్త్రజ్ఞులు తెలిపిరి. దీనినిబట్టి హెచ్.డి.ఎల్. ఎంత యున్నదను దానికంటె అది ఎట్లు పనిచేయుచున్నదను విషయమే ముఖ్యమని తోచుచున్నది. హెచ్.డి.ఎల్. అంకెను మందులతో బెంచిన ప్రయోగములలో, ఆ పెంపువలన గుండెపోట్లు తగ్గినట్లు కానరాకపోవుటయు దీనికి అనుగుణముగనే యున్నది. కావున "మంచి కొలెస్టరాలును బెంచును" అని ప్రకటింపబడు పొడులకును మాత్రలకును ధనమును వ్యయము చేయుట తగదు.

అపో-సి, అపో-ఇ

అపో-సి కుటుంబమువారు చిన్నవారైనను పనిలో నేర్పరులు. సి-2 అనునది క్రొవ్వును గరగించు ఎంజైమును మేల్కొల్పును. సి-3 అనునది దానిని అడ్డగించును. ఒకటి పగ్గము వదలునది, మరియొకటి పగ్గము బిగించునది. సి-2 లోపించినవారి రక్తము పాలవలె దెల్లగా నుండును. వారికి క్లోమము వాచి తీవ్రమైన కడుపునొప్పి కలుగును. 1978లో కెనడా వైద్యులు ఇట్టి రోగిని వర్ణించిరి. ఇతరుల రక్తము నెక్కించినంతనే ఆతని ట్రైగ్లిసరైడులు తగ్గిపోయెను. అరువు వచ్చిన సి-2 అచట బనిచేసినది. సి-3 విషయము దీనికి విపరీతము. అమెరికాలోని పెన్సిల్వేనియా రాష్ట్రపు ఆమిష్ అను వ్యవసాయకుటుంబములలో నూటికి అయిదుగురికి సి-3 సగమే తయారగుననియు, వారి ట్రైగ్లిసరైడులు తక్కువగాను ధమనులు శుభ్రముగాను ఉన్నవనియు 2008లో వెల్లడియైనది. నేడు సి-3ను అణచు మందులు కూడ వాడుకలోనికి వచ్చినవి.

అపో-ఇ యందు 299 ఎమైనో ఆమ్లములు. ఇది మనుష్యులలో ఇ-2, ఇ-3, ఇ-4 అను మూడు రూపములలో నుండును. వీనికి గల భేదమంతయు 112, 158 అను రెండు స్థానములలోనే. తలిదండ్రు లొక్కొక్కరినుండి ఒక్కొక్కటి చొప్పున ప్రతివారికిని రెండు సంక్రమించును. ఎక్కువమందికి ఇ-3 యుండును. ఇ-4 గలవారికి ఎల్.డి.ఎల్. కొంత హెచ్చుగా నుండును. అంతేగాక, ముదిమిలో జ్ఞాపకశక్తిని హరించు ఆల్జైమర్ వ్యాధి ఇ-4 గలవారికి హెచ్చుగా వచ్చునని 1993లో అమెరికాలోని డ్యూక్ విశ్వవిద్యాలయమువారు కనుగొనిరి. మన దేశమున హర్యానాలోని బల్లభ్‌గఢ్ ప్రాంతపు గ్రామీణులను అమెరికాలోని పెన్సిల్వేనియా వాసులతో బోల్చిచూడగా, ఇ-4 మనవారిలో తక్కువగా నున్నదనియు, ఉన్నచోట దాని ప్రభావము మాత్రము ఇరుదేశములందు నొక్కటేననియు తేలినది.

ఇ-4 ఉన్నంతమాత్రమున మతిమరపు తప్పదని యెవ్వరును భయపడరాదు. అది లేనివారికిని ఆ వ్యాధి వచ్చుచున్నది. ఉన్నవారిలో పలువురు తొంబది యేండ్లు చక్కని జ్ఞాపకశక్తితో జీవించుచున్నారు. కుతూహలమునకై పిల్లలకు ఈ పరీక్ష చేయించుటవలన నుపయోగము లేదు.

ఇంకొక దానిని గూడ బేర్కొనవలసి యున్నది. 1963లో నార్వే దేశీయుడగు కోరె బెర్గ్ 'లైపోప్రోటీను చిన్న ఏ' అను దానిని గనుగొనెను. ఎల్.డి.ఎల్. పొట్లముపై నున్న అపో-బికి మరియొక అపో తగులుకొని యుండుటయే దీని స్వరూపము. దీని మోతాదు చాలవరకు పుట్టుకతోనే నిర్ణయమగును. పథ్యముచేత గాని నడకచేత గాని అంతగా మారదు. ఇది హెచ్చుగా నున్నవారికి హృద్రోగభయ మధికము. కనుక జీవితములో నొక్కసారి దీనిని పరీక్షించుకొనిన జాలును.

మన ప్రాంతపు లెక్కలు ఏమి చెప్పుచున్నవి?

52 దేశములలో, మొదటిసారి గుండెపోటు వచ్చిన దాదాపు 15,000 మందిని, అంతేమంది ఆరోగ్యవంతులను బోల్చిన 'ఇంటర్‌హార్ట్' అను మహాపరిశీలనము 2004లో ప్రకటింపబడినది. గుండెపోటునకు హేతువులలో పొగత్రాగుటయు, అపో-బికిని అపో-ఏ-1కిని గల నిష్పత్తి పెరుగుటయు నన్నింటికంటె బలమైనవని అందు దేలినది. దక్షిణాసియా దేశముల వివరములను వేఱుగా 2007లో వెలువరించిరి. ఇతర దేశములలో మొదటి గుండెపోటు సగటున 58.8 ఏండ్లకు వచ్చుచుండగా, మన ప్రాంతములలో 53 ఏండ్లకే వచ్చుచున్నది. ఈ నిష్పత్తి హెచ్చుగా నున్నవారు మనలో నూటికి 43.8 మంది, ఇతరులలో 31.8 మంది. ఆఱేండ్లు ముందుగా వచ్చు ఈ యాపద, పిల్లల చదువు ముగియక, కూతుండ్ర వివాహము కాకముందే యింటి యాధారమును దీసికొనిపోవునది.

మనమున్న తమిళనాడును, మహారాష్ట్ర, జార్ఖండులను, చండీగఢును గలిపి భారత వైద్య పరిశోధన మండలివారు చేసిన సర్వే ఫలితములు 2014లో వెలువడినవి. హెచ్.డి.ఎల్. తక్కువగా నున్నవారు నూటికి 72.3 మంది. ట్రైగ్లిసరైడులు హెచ్చినవారు 29.5 మంది. ఎల్.డి.ఎల్. కొలెస్టరాలు హెచ్చినవారు 11.8 మంది మాత్రమే. ఈ మూడు అంకెలను బ్రక్కప్రక్కన బెట్టి చూచినచో మన శరీరతత్త్వము బోధపడును. ఎల్.డి.ఎల్. తూకము పెద్దగా లేకయే, తక్కిన రెండును చెడియుండుట మనవారి లక్షణము. బండ్ల సంఖ్యను లెక్కింపవలసిన యావశ్యకము మనకే యెక్కువ.

హృద్రోగము పట్టణములలోని ధనవంతులకు వచ్చునది, కాయకష్టము చేయు పల్లెవారిని ముట్టదు అను నమ్మకము మనలో నింకను గలదు. తూర్పు, పశ్చిమ గోదావరి జిల్లాలలోని 45 గ్రామములలో, 2004వ సంవత్సరముతో ముగిసిన పండ్రెండు నెలలలో సంభవించిన 1354 మరణముల కారణములను విచారింపగా, నూటికి 32 గుండె, రక్తనాళముల వ్యాధులవలననే కలిగినవని తేలినది. అన్ని కారణములలో నిదియే మొదటిది. ఈ లెక్క విన్నపిదప ఆ నమ్మకమును విడువక తప్పదు.

మేనరికములను గూర్చి యొక మాట

మన తెలుగు కుటుంబములలోను, మన పొరుగువారైన తమిళ కుటుంబములలోను మేనరికము ఆచారముగా వచ్చుచున్నది. ఆప్యాయతను, ఆస్తిని నిలుపుకొనుటకు బెద్దలు దీనిని బాటించిరి. ఐనను జన్యుశాస్త్రము చెప్పు లెక్క నొకదానిని దెలిసికొనుట మంచిది. మేనబావ మరదండ్రకు బుట్టిన బిడ్డకు, ఏ జన్యువునైనను తీసికొనినచో, ఒకే పూర్వుని ప్రతి ఇరువైపులనుండియు వచ్చు అవకాశము పదునాఱింట నొకటి. మేనమామ మేనకోడండ్రకు బుట్టిన బిడ్డకు ఎనిమిదింట నొకటి. పరాయి సంబంధములలో నీ యవకాశము మిక్కిలి స్వల్పము.

పైన జెప్పిన సి-2 లోపము, టాంజియర్ వ్యాధి, ఇరువైపుల వచ్చు తీవ్రమైన కొలెస్టరాలు వ్యాధి – ఇవన్నియు రెండు లోపజన్యువులు ఒకేచోట గలిసినప్పుడు కలుగునవి. అపో-బి గల పొట్లములే తయారుగాని వ్యాధి మరియొకటి కలదు. అందు బిడ్డకు పాలలోని క్రొవ్వు వంటబట్టదు, విరేచనములు విడువవు, ఎదుగుదల యుండదు, విటమిను-ఇ చేరక క్రమముగా నరములును, కంటిచూపును జెడును. సకాలమున గుర్తించి, క్రొవ్వు తగ్గించి, విటమినులను హెచ్చు మోతాదున నిచ్చినచో బిడ్డను గాపాడవచ్చును. ఇంటిలో నెవరికైన చిన్నవయసున గుండెపోటు వచ్చియుండిన, లేక బిడ్డకు కారణము తెలియని జబ్బు వచ్చియుండిన, అదే వంశమున మరల మేనరికము చేయుటకు ముందు వైద్యుని సంప్రదించుట వివేకము.

తలిదండ్రులు చేయదగినవి

మొదటిది, రక్తపరీక్షా పత్రమును చదువుట నేర్చుకొనుట. అపో-బి పరీక్ష అన్ని యూళ్లలో దొరకకపోవచ్చును. దానికి బదులు సులభమైన లెక్క యొకటి కలదు: మొత్తము కొలెస్టరాలునుండి హెచ్.డి.ఎల్.ను దీసివేయవలెను. మొత్తము 190, హెచ్.డి.ఎల్. 32 అనుకొందము. మిగిలిన 158, అపో-బి గల పొట్లములన్నింటిలోని కొలెస్టరాలు. మొత్తము 190 గలిగి హెచ్.డి.ఎల్. 60 ఉన్నవారికి మిగులునది 130 మాత్రమే. ఇరువురి మొత్తమును ఒక్కటియే యైనను, మొదటివాడు జాగ్రత్తపడవలసినవాడు. ఐదవతరగతి తీసివేత వచ్చిన మన పిల్లలే యింటివారికి ఈ లెక్క చేసి చూపగలరు.

రెండవది, కుటుంబచరిత్రను వ్రాసి యుంచుట. తాత, తండ్రి, మేనమామలలో నెవరికైన 55 ఏండ్లలోపున, స్త్రీలయినచో 65 ఏండ్లలోపున గుండెపోటు వచ్చినయెడల, ఆ యింటి పిల్లలకు కొలెస్టరాలు పరీక్ష చేయింపవలెను. అమెరికా దేశపు నిపుణుల సంఘము 2011లో, కుటుంబచరిత్రతో నిమిత్తము లేకయే 9, 11 ఏండ్ల నడుమ ప్రతి బిడ్డకు నొకసారి ఈ పరీక్ష యుండవలెనని సూచించినది.

మూడవది, ఆహారము. తెల్లగా మరపట్టిన బియ్యపన్నము మూడుపూటలు, చక్కెర కలిపిన కాఫీ, తీపి పానీయములు – ఇవి కాలేయములో ట్రైగ్లిసరైడులుగా మారి అపో-బి పొట్లములను బెంచును; హెచ్.డి.ఎల్.ను దగ్గించును. నూనెను మాత్రమే దూషించి అన్నపురాశిని మఱచుట మనవారిలో దఱచుగా గానవచ్చు పొరపాటు. రాగి, సజ్జ, కందిపప్పు, పెసలు, ఆకుకూరలు, గుప్పెడు వేరుసెనగలు మన నేలలో బండునవే, అవి మేలుచేయును. ఒకసారి కాగిన నూనెలో మరల మరల వేయించుట మానవలెను. వనస్పతిలో నుండు ట్రాన్స్ క్రొవ్వు ఎల్.డి.ఎల్.ను బెంచి హెచ్.డి.ఎల్.ను దగ్గించును, 2022 జనవరినుండి మన దేశమున నూనెలలోను వనస్పతిలోను అది నూటికి రెండు పాళ్లు మించరాదను నియమము గలదు.

నాలుగవది, శరీరశ్రమ. దినమునకు అరగంట వడిగా నడచినవారి ట్రైగ్లిసరైడులు తగ్గును. మన తిరుత్తణి కొండకు 365 మెట్లు కలవు. సంవత్సరమునకు నన్ని దినములే. శక్తి గలవారు బండి నెక్కక మెట్ల నెక్కుట దైవదర్శనమునకును ఆరోగ్యమునకును అనుకూలము. గుండెజబ్బు గలవారు మాత్రము వైద్యుని యనుమతి పొందవలెను. బీడి, చుట్ట, సిగరెట్టు, నమలు పొగాకు – వీనిని బూర్తిగా విసర్జింపవలెను.

ఐదవది, మందులను గూర్చి. స్టాటినులు 1970వ దశకమున జపానులో ఆకిరా ఎండో అను శాస్త్రజ్ఞుడు బూజునుండి కనుగొనిన పదార్థమునకు సంతతి. అవి కాలేయమునందు గ్రాహకములను బెంచి, తిరుగుచున్న పొట్లములను దింపించును. అంకె తగ్గినదని యెవరికి వారు మందు మానివేసినచో అది కొద్ది వారములలోనే మరల పెరుగును. మానుట, తగ్గించుట వైద్యుని చెప్పుచేతలలో నుండవలెను.

పిల్లలకు మనము ఇల్లు, పొలము, చదువు ఇచ్చుటకు బాటుపడుచున్నాము. వానితోపాటు మన జన్యువులను గూడ వారి కిచ్చుచున్నాము. వానిని ఏరి యిచ్చు శక్తి మనకు లేదు. వానిలో నేమున్నదో తెలిసికొని, తగిన కాలమున జాగ్రత్తపడు శక్తి మాత్రము నేటి శాస్త్రము మనకు బ్రసాదించినది. ఈ సంచికను జదివిన ప్రతి కుటుంబమును ఈ వేసవి సెలవులలో బెద్దల యారోగ్యచరిత్రను ఒక కాగితముపై వ్రాసికొని, అవసరమైనవారికి రక్తపరీక్ష చేయించినచో, మూడు నాలుగిండ్లలోనైన ఆపదను ముందుగా గనుగొని తప్పింపవచ్చును.